నట్టు మీద బొట్టు

అహోబిలం వెళ్లివచ్చానని చెబితే మా తెనాలి వాళ్లు రెండే అడిగారు. దర్శనం బాగా అయిందా, ప్రసాదం తెచ్చావా అని. దర్శనం అయింది, ప్రసాదమూ తెచ్చాను. ఆ రెండు రోజుల్లో నేను చేసిన ఘనకార్యం గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్లకు కూడా పిలిచి చెప్పాలనిపించేంత ఘనకార్యం గనక, నంద్యాల వైపు ఎన్నడూ రానివాళ్ల కోసం మొదటి నుంచీ రాస్తున్నాను. గొప్పలు చెప్పుకుంటోందని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. గొప్పే మరి!

నంద్యాల: చేతిసంచిలో పానా

మా ఆయన విత్తనాల కంపెనీ ఉద్యోగం మమ్మల్ని తెనాలి నుంచి తెచ్చి నంద్యాలలో పడేసింది. కాలవలూ వరిచేలూ చూసిన కళ్లకు ఇక్కడి నల్లరేగడి, పత్తిచేలు, ఇంటి నిండా పరిచిన బేతంచెర్ల బండలు మొదట్లో కొత్తగా ఉండేవి. ఇప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద చాప లేకుండా పడుకోవడం అలవాటైపోయి, పుట్టింటికి వెళ్తే నిద్ర పట్టడం లేదు.

పోయిన ఏడాది, అంటే ఎనభై రెండులో, మా ఆయన ఒక పాత మోటారు సైకిలు కొన్నారు. నడిపేది ఆయన, బాగోగులు చూసేది నేను. మా నాన్నకు సైకిలు షాపు ఉండేది. అన్నదమ్ములు లేని ఇల్లు కావడంతో జడ అల్లుకోవడం కంటే ముందు పంక్చరు వేయడం నేర్చుకున్నాను. ఒకసారి మా షాపు ఎదుటే ఒక మోటారు సైకిలు వెనక చక్రం ఊడిపోయింది. నడిపేవాడు ఒకవైపు పడ్డాడు, వెనక కూర్చున్న వాళ్లమ్మ ఇంకోవైపు పడింది. అతను లేచాడు. ఆవిడ లేవలేదు. ఇరుసు నట్టు వదులైన సంగతి ఎవరూ చూసుకోలేదు, అంతే. అప్పటి నుంచి నట్టంటే నాకు భయమూ భక్తీ రెండూ ఉన్నాయి.

నాన్న అద్దె సైకిళ్ల నట్ల మీద సున్నంతో గీత గీసేవాడు, కదిలితే తెలియాలని. నేను ఆ గీతను బొట్టు చేశాను. కుంకుమను నూనెలో తడిపి, బిగించిన నట్టు అంచున సగం, పక్కనున్న ఇనప బద్ద మీద సగం పడేట్టు ఒకే బొట్టు పెడతాను. నట్టు కదలనంత సేపు అది గుండ్రంగా ఉంటుంది. కాస్త తిరిగిందా, బొట్టు రెండు ముక్కలవుతుంది. బండి ఆపిన చోటల్లా వంగి ఒక్క చూపు చూస్తే చాలు.

మా బండి బాగుచేసే కాశింసాబు పెద్దాయన. మొదటిసారి నేను ఆయన షాపులో కూర్చుని నట్టుకు బొట్టు పెడుతుంటే చేతిలో పని ఆపి చూశాడు.

"ఏందమ్మా, బండికి పెండ్లి చేస్తాండావా?"

"పెళ్లి కాదు సాయిబుగారూ, కాపలా" అని సంగతి చెప్పాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. తర్వాత గోడకు తగిలించిన పానా ఒకటి తీసి గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. "ఇది నీ కాడ పెట్టుకో. నీకు వడ్డాణం లెక్క" అన్నాడు. మా వాళ్లు నాకు పెట్టిన నగలన్నిటిలో ఇంత నచ్చింది ఇంకొకటి లేదు. అప్పటి నుంచి అది నా చేతిసంచిలోనే ఉంటోంది.

మాఘమాసంలో ఒక పొద్దున బయలుదేరాం. దారికి ముందు ఉగ్గాని తినడం ఇక్కడి మర్యాద. నానబెట్టి పిండిన బొరుగులకు పోపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. తెనాలిలో మరమరాలంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ పెద్దమనుషులు బల్లల మీద బుద్ధిగా కూర్చుని తింటారు. ముప్పావలాకి కడుపు నిండింది, బజ్జీ ఘాటుకి కళ్లూ నిండాయి.

శిరివెళ్ల: చీలిన బొట్టు

ఎడమవైపు నల్లమల కొండలు మాతోపాటే వస్తున్నాయి. రోడ్డు మాత్రం మాతో రానని మొండికేసింది. బండలు మోసుకుపోయే లారీలు దాన్ని ఎక్కడికక్కడ గుంటలు చేసి వదిలాయి. వెనక కూర్చున్న నేను నరసింహస్వామిని తలుచుకున్న దానికంటే రోడ్డు వేసినవాళ్లనే ఎక్కువసార్లు తలుచుకున్నాను.

శిరివెళ్ల దగ్గర ఒక పాకలో అవ్వ టీ కాస్తుంటే ఆగాం. మా ఆయన బల్ల మీద కూర్చున్నారు. నేను బండి వెనక్కి వెళ్లి వంగాను. బొట్టు చీలింది! నట్టు మీది సగం కిందికి జారింది, బద్ద మీది సగం అక్కడే ఉంది.

టీ గ్లాసులు తెస్తున్న అవ్వ నా భుజం మీదుగా తొంగి చూసి నోరు నొక్కుకుంది.

"అయ్యో, బొట్టు చీలిందే! పొద్దన్నే అపశకునం. పోవాకండమ్మా, ఎనక్కి మళ్లండి."

"శకునమే అవ్వా, మంచి శకునం. పడేయక ముందే చెప్పింది" అన్నాను, సంచిలోంచి పానా తీస్తూ.

అవ్వ ఒకసారి నన్ను, ఒకసారి మా ఆయన్ని చూసింది. "మొగుడు కూసోని టీ తాగుతాండాడు, పెండ్లాము ఇనుము తిప్పుతాంది. యా ఊరి ఆచారమమ్మా ఇది?"

"మా ఇంటి ఆచారం."

"ఈ టీ కూడా ఆవిడ తాగమంటేనే తాగుతున్నా అవ్వా" అన్నారు మా ఆయన. అవ్వ పళ్లు లేని నోటితో పగలబడి నవ్వింది. నట్టు బిగించాను. పాత బొట్టు కొంగు చివరతో శుభ్రంగా తుడిచి కొత్తది పెట్టాను. టీ చల్లారిపోయింది. అవ్వ దాన్ని పారబోసి వేడిది పోసి, డబ్బులు వద్దంది. "బండి డాక్టరు కాడ తీసుకోను" అంది. ఆ బిరుదు నేను ఇంతవరకు ఎవరికీ తిరిగివ్వలేదు.

ఆళ్లగడ్డ: మోగే రాయి

ఆళ్లగడ్డ కంటికి కనిపించే ముందే చెవికి వినిపిస్తుంది. రోడ్డు పక్క పాకల్లో శిల్పులు ఉలి పట్టుకుని కూర్చుంటారు. ఒకవైపు సగం తొండంతో వినాయకుడు, ఇంకోవైపు ఇంకా ముఖం రాని అమ్మవారు. తెనాలిలో దేవుణ్ణి గుళ్లోనే చూశాం. ఇక్కడ దేవుళ్లు దుమ్ములో వరసగా నిలబడి, ఏ ఊరికి పోవాలో తెలియక ఎదురుచూస్తుంటారు.

ఒక ఆచారి కొత్తగా దింపిన రాయిని సుత్తితో అక్కడక్కడా తట్టి చెవి పెట్టి వింటున్నాడు. ఏం వింటున్నారని అడిగాను.

"మోగుతాదా లేదా అని. మోగితే దేవుడైతాడు. మోగకుంటే ఎవురింటికో గడప అయితాది."

"మా నాన్న నట్టును ఇలాగే తట్టి చూసేవాడు. బిగుసుంటే మోగుతుంది, వదులైతే మొద్దుగా పలుకుతుంది" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను తేరిపార చూశాడు. "మీ నాయనకు చెవుండాది" అన్నాడు. పొగడ్తలు పొదుపుగా వాడే మనిషని చూస్తేనే తెలుస్తోంది. మా నాన్న పోయి ఐదేళ్లు. ఊరుగాని ఊళ్లో, దుమ్ములో నిలబడి ఆ మాట వినేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం పూటకూళ్ల ఇంట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల కారం అంటే మన వేరుశనగ పొడి, వంకాయ కూర పెట్టారు. రొట్టె విరిచి కారంలో నెయ్యి కలుపుకుంటుంటే వడ్డించే ఆమె మా పక్కనే నిలబడి "ఇంగొకటి ఏసుకో, ఏం తింటివి నువ్వు?" అని గద్దించింది. మా వైపు అతిథిని బతిమాలతారు. ఇక్కడ కసురుతారు. రెంటిలోనూ ఉన్నది ప్రేమే, కానీ కసురుకు రెండు రొట్టెలు ఎక్కువ తింటాం.

అహోబిలం: నిర్మాల్యం

మేం వెళ్లేసరికి ఉత్సవమూర్తి ఊళ్లో లేడు. సంక్రాంతి వెళ్లాక స్వామి పల్లకీ ఎక్కి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతూ, ఫాల్గుణంలో జరగబోయే తన పెళ్లికి జనాన్ని స్వయంగా పిలుచుకుంటాడు. మా వైపు దేవుడి దగ్గరికి మనమే వెళ్తాం, ఆయన కదలడు. ఇక్కడ దేవుడు ఇల్లిల్లూ పిలిచే పెళ్లికొడుకు. పైగా చెంచుల ఆడపడుచును చేసుకున్నవాడు గనక ఈ అడవికంతా అల్లుడు. అల్లుడి దర్జా ఈ ప్రాంతంలో ఎంత పెద్ద విషయమో మర్నాడు నాకు బాగానే తెలిసొచ్చింది.

రాత్రి సత్రంలో ఉండి, పొద్దున్నే దర్శనం చేసుకుని, గుడి ముందు బండికి పూజ చేయించాం. అర్చకస్వామి వయసు మళ్లినవాడు, మాట మెత్తన. హెడ్‌లైటుకు గంధం పూసి, హ్యాండిలుకు పూలు చుట్టి, చక్రాల దగ్గరికొచ్చి, నేను పెట్టిన బొట్టు మీదే ఇంత కుంకుమ అద్దబోయాడు.

"ఆగండి స్వామీ!" అన్నాను. నేను అరిచిన అరుపుకి ఆయన చేతిలో పళ్లెం కదిలింది. నేను తడిగుడ్డ తీసి నట్టు మీది పాత బొట్టు తుడవడం మొదలుపెట్టాను.

"బొట్టు చెరుపుతారటమ్మా, స్వామి సన్నిధిలో?" అని ఆయన నొచ్చుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొణిగారు. మా ఆయన గోపురం శిల్పాలను అకస్మాత్తుగా శ్రద్ధగా చూడసాగారు.

నాకూ పౌరుషం వచ్చింది. "మీరు స్వామికి కొత్త అలంకారం చేసేటప్పుడు నిన్నటి పూలు తీయకుండానే చేస్తారా?"

ఆయన ముఖమంతా విచ్చుకుంది. "తీస్తాం తల్లీ. నిర్మాల్యం తీయకుండా అలంకారం లేదు. పాతది తీస్తేనే స్వామి మేను కనబడుతుంది."

"నాకూ నట్టు మేను కనబడాలి స్వామీ."

పాత బొట్టు తుడిచాక నట్టును పానాతో తట్టి చూసి, తప్పుకున్నాను. ఆయన సగం నట్టుకు, సగం బద్దకు సరిగ్గా నేను చూపించిన చోటే కొత్త బొట్టు పెట్టాడు. మా వెనక వరసలో ఇంకో రెండు బళ్లున్నాయి. ఆయన వాటి దగ్గరికెళ్లి "ముందు నిర్మాల్యం తీయండి నాయనా" అనడం నా చెవులారా విన్నాను. అంత పెద్ద క్షేత్రంలో అర్చకుడికి ఒక పని నేర్పి, ఆయన దగ్గర ఒక మాట నేర్చుకుని కొండ దిగాను. కుంకుమ పొట్లం మాత్రం ఆయన అడక్కుండానే రెండు ఇచ్చాడు.

మళ్లీ ఆళ్లగడ్డ: గాజుల చెయ్యి

తిరుగుదారిలో ఆచారి పాక పక్కనున్న టీ కొట్టు దగ్గర ఆగాం. మేం కూర్చున్న కాసేపటికి ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. నడిపే అతను ముప్పై లోపువాడు, ఇస్త్రీ చొక్కా, చేతికి కొత్త గడియారం. వెనక నుంచి ఒక అమ్మాయి నిండు పొట్టతో మెల్లిగా దిగింది. రెండు చేతులకూ మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. ఏడో నెల సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తున్నారని చూడగానే తెలిసింది. ఆమె పేరు రమణమ్మ. అతను ఓబులేసు. అహోబిలేశుడి పేరే గనక అహోబిలం చుట్టుపక్కల ఇంటికో ఓబులేసు ఉంటాడు. ఆమె పుట్టిల్లు నంద్యాల అవతల బండి ఆత్మకూరు దగ్గర పల్లె. ఆమె నాన్న జీపు మాట్లాడతానంటే అల్లుడు వద్దన్నాడట. కొత్తగా కొన్న బండి మీద, తానే తీసుకొచ్చి గుమ్మం ముందు దించుతానని పంతం పట్టాడట.

అతను బండిని స్టాండు వేస్తుంటే వెనక చక్రం పక్కకి ఊగింది. నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"బాబూ, నీ వెనక చక్రం నట్టు వదులైంది. ఒకసారి చూసుకో."

"ఏం కాల్యాదులే అమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండానే.

నేను లేచి వెళ్లి చూశాను. నట్టు మీద కుంకుమ రూపాయి బిళ్ల మందాన పేరుకుని ఉంది. నట్టు కనబడటమే లేదు.

"ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

"నేనే. ప్రతి శనారం పెడతాండా. స్వామి ఉండాడు, సూసుకుంటాడు."

"పాతది తుడుస్తావా?"

"దేవుని బొట్టు తుడుస్తారా యాడన్నా?"

అదీ సంగతి! నాకు కాపలా కాసే బొట్టే అతని కళ్లకు గంతలు కట్టింది. వారం వారం చీలుతూనే ఉంది, వారం వారం భక్తిగా కప్పుతూనే ఉన్నాడు. నేను పానాతో ఆ నట్టును తట్టాను. మొద్దుగా పలికింది.

పాకలోంచి ఆచారి, పనిమీంచి తల ఎత్తకుండానే "అది మోగల్యాదప్పా" అన్నాడు.

టీ కొట్టులో నలుగురు నవ్వారు. ఓబులేసు ముఖం ఎర్రబడింది. "ఆడమనిషి నాకు బండి సంగతి చెప్పేదేంది? రమణా, ఎక్కు, పోదాం. పొద్దుగూకకముందే మీ ఇంటి కాడుండాల."

"శారదా, మనకెందుకు" అని మా ఆయన నా చెవిలో అన్నారు. నా కళ్ల ముందు మాత్రం తెనాలి రోడ్డు మీద లేవని ఆ తల్లి ఉంది. ఇక్కడైతే రెండు ప్రాణాలు. అతనితో వాదించి లాభం లేదని ఆ అమ్మాయి వైపు తిరిగాను.

"అమ్మా రమణమ్మా, ఆ చక్రం ఊడితే ముందు పడేది నువ్వు. నట్టు చూసేదాకా ఎక్కొద్దు. నా మాట తప్పని తేలితే నీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమె నన్ను చూసింది, చక్రాన్ని చూసింది. తర్వాత పక్కనే ఉన్న, ఎవరింటికో గడప కాబోయే రాయి మీద మెల్లిగా కూర్చుంది.

"నేనెక్కను మామా."

"ఏందే?"

"నువ్వు మా నాయన ఇంటి ముందర బండి దిగాలని సూస్తాండావు. నేను మా నాయన ఇల్లు చేరాలని సూస్తాండా."

టీ కొట్టులో ఎవరూ నవ్వలేదు. ఓబులేసు చుట్టూ చూశాడు. ఏ మగవాడికైనా కష్టమే, నలుగురిలో. చివరికి నా చేతిలోంచి పానా విసురుగా లాక్కుని దాని చివరతో కుంకుమ పెచ్చు గీరాడు. ఎరుపు కింద పసుపు, దాని కింద మళ్లీ ఎరుపు. పొరలన్నీ రాలాక నట్టు బయటపడింది. అతను పానా తగిలించబోయి, ముందు వేళ్లతో పట్టుకున్నాడు. నట్టు ఆ వేళ్లకే తిరిగింది. నట్టు ఊడిపోకుండా అడ్డంగా ఉండాల్సిన పిన్ను ఎప్పుడో ఎక్కడో రాలిపోయింది.

అతను వేళ్లు తీయలేదు. అలాగే గొంతుక్కూర్చుని తల తిప్పి భార్య పొట్ట వైపు చూశాడు. ఆ చూపు చూశాక అతని మీద నాకున్న కోపమంతా పోయింది.

బిగించింది అతనే. ఎంత బిగించాలో, చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపి ఎలా చూడాలో చెప్పాను. ఆచారి వచ్చి ఇనప తీగ ముక్క ఇచ్చి, "ఇది నంద్యాల దాకానే. ఆడ పిన్ను ఏపిచ్చుకో" అన్నాడు. నేను అహోబిలం కుంకుమ పొట్లం ఒకటి విప్పి, బజ్జీల బాండీ పక్కనున్న నూనె చుక్కతో తడిపి ఓబులేసుకు ఇవ్వబోయాను. రమణమ్మ చెయ్యి చాపింది.

"నేను పెడతా."

ఆమె వంగలేకపోతే మా ఆయనా నేనూ చెరో చెయ్యి పట్టుకున్నాం. గాజులు గలగలమంటుండగా సగం నట్టుకు, సగం బద్దకు పెట్టింది. మా నాన్న చూసి ఉంటే చెవుందో లేదో గానీ కన్నుంది అనేవాడు.

ఓబులేసు థాంక్సు చెప్పలేదు. "మెల్లగ పోదాం" అన్నాడు భార్యతో. నాకు అది చాలు. వాళ్లు ముందు, మేం వెనక. శిరివెళ్లలో అవ్వ పాక దగ్గర, నేను ఏమీ అనకముందే, అతనే బండి ఆపి వంగి చూశాడు. లేచి మా వైపు తిరిగి తల ఊపాడు. బొట్టు చీలలేదు.

నంద్యాల: మళ్లీ కాశింసాబు షాపు

నంద్యాలలో వాళ్లను కాశింసాబు దగ్గరికి తీసుకెళ్లి కొత్త పిన్ను వేయించి పంపాం. నిర్మాల్యం మాటతో సహా జరిగిందంతా ఆయనకు చెప్పాను. ఆ తర్వాతి వారం నేను వెళ్లేసరికి షాపులో ఎర్ర రంగు డబ్బా, చిన్న కుంచె కనిపించాయి. ఆయన చేతి మీదుగా పోయే ప్రతి బండికీ ఇరుసు నట్టు మీద ఎర్ర చుక్క పెడుతున్నాడు. బిగించే ముందు పాత చుక్క గీరేస్తూ పనివాళ్ల మీద కేకలేస్తాడు. "నిర్మాలం తీసినారా లేదా? ముందు నిర్మాలం తీయండ్రా!" అహోబిలం గర్భగుడి మాట మసీదు వీధి మెకానిక్ నోట్లో వినబడుతోందంటే మధ్యలో ఉన్నది ఎవరో మీరే చెప్పండి.

మొన్న శ్రావణంలో నేను ఆ షాపులో ఉండగా ఒక బండి వచ్చి ఆగింది. ఓబులేసు. వెనక రమణమ్మ, ఒళ్లో మూడు నెలల ఆడపిల్ల. పుట్టింటి నుంచి అత్తవారింటికి వెళ్తున్నారు. ఓబులేసు ఈసారి "బాగుండావా అక్కా" అన్నాడు. రమణమ్మ పిల్లను నా చేతుల్లో పెట్టి, తాను బండి వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుంది.

"చీలల్యాదక్కా" అంది లేస్తూ.

"గట్టిగానే బిగించాడే మీ ఆయన" అన్నాను.

రమణమ్మ నవ్వి, పిల్ల గుడ్డలు పెట్టుకున్న సంచి నోరు తెరిచి చూపించింది. మడత పెట్టిన పొత్తిగుడ్డల మధ్య కొత్త పానా మెరుస్తోంది.

"ఆయప్ప కాదు. నేను" అంది.